వేట మాంసం రుచి పొయ్యి మీద పుట్టదు

ఆదికాండము 27వ అధ్యాయం చదివినప్పుడల్లా వంట తెలిసిన తల్లులకు ఒక సందేహం కలగక మానదు. ఇస్సాకుకు వేటమాంసమంటే ఇష్టం. ఏశావు విల్లు, అంబులపొది తీసుకొని అడవికి వెళ్లాడు. ఈలోగా రిబ్కా మందలో నుండి రెండు మంచి మేకపిల్లలను తెప్పించి వండి పెట్టింది. ఇస్సాకు స్వరం విని అనుమానించాడు, చేతులు తడిమి చూచాడు, బట్టల వాసన చూచాడు. కూర రుచి దగ్గర మాత్రం ఆయనకు అనుమానం రాలేదు. కన్నులు మందగించిన వృద్ధునికి నాలుక కూడా మందగించిందా? యాకోబు చేసిన మోసం గురించి ప్రసంగాలలో వింటూనే ఉన్నాము. ఈ నెల మేము మాట్లాడదలచినది రిబ్కా కుండ గురించి.

ఈ ఆలోచన మాకు ఊరకే రాలేదు. కృష్ణా జిల్లా నుండి ఒక తల్లి మాకు ఉత్తరం రాశారు. కుమార్తె పురిటికని ఆమె అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం వెళ్లారట. నవంబరు నెల. అక్కడి సంఘంలోని ఒక కుటుంబంవారు తెల్లకాగితంలో చుట్టి గడ్డకట్టించిన జింక మాంసం పొట్లాలు నాలుగు ప్రేమతో తెచ్చి ఇచ్చారు. ఈమె మన మేకమాంసం వండినట్టే అల్లం, వెల్లుల్లి, మసాలా దట్టించి వండారు. మూత తీసేసరికి ఇల్లంతా ఒక విధమైన మొరటు వాసన. ఎవరూ ముద్ద దిగమింగలేకపోయారు. చిత్రమేమంటే, మరుసటి వారం మరొకరి ఇంట భోజనానికి పిలిస్తే అక్కడా జింక మాంసమే పెట్టారట. వాసన లేదు సరిగదా, లేత మేకపిల్ల మాంసంలా ఉన్నదట! "మసాలా కూడా సరిగ్గా లేని వాళ్ల కూర బాగుండి నా కూర చెడిపోవడమేమిటి? మిగిలిన పొట్లాలు వండుకోవచ్చునా? బాలింతకు పెట్టవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

ఆ తల్లి వంటలో లోపమేమీ లేదని మొదటే చెబుతున్నాము. మాంసం రుచి చాలామట్టుకు పొయ్యి ఎక్కకముందే, జంతువు పడిన మొదటి రెండు మూడు గంటలలోనే తేలిపోతుంది. అది అడవి జింకకైనా, మన పండుగనాటి మేకపోతుకైనా ఒక్కటే లెక్క. మన గోదావరి, కృష్ణా జిల్లాలలో మేక మాంసాన్ని ఇప్పటికీ "వేట మాంసం" అనే అంటారు గదా! కాబట్టి అడవిలో వేటగాడు పడే జాగ్రత్తలు పెరట్లో మేకను కోసుకొనేవారికి కూడా చెందినవే.

ముందుగా ఒక మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువులను వేటాడడం నేరం. చంపినవాడే కాదు, ఆ మాంసం కొన్నవాడు, ఇంట్లో ఉంచుకొన్నవాడు కూడా నేరస్థుడే. దుప్పి, కణుజు, అడవిపంది, కుందేలు, నెమలి, కౌజు ఏదైనా సరే. 2022లో చేసిన సవరణతో జరిమానాలు ఇంకా పెరిగాయి. రాత్రివేళ సంచిలో తెచ్చి "దుప్పి మాంసం, చవకగా ఇస్తాను" అనేవాడిని గడప దగ్గర నుండే పంపివేయండి. అది నిజంగా దుప్పి మాంసమైతే మీకు జైలు. కాకపోతే ఏ చచ్చిన గొడ్డు మాంసమో దేవునికే తెలియాలి. పొలం గట్ల మీద కరెంటు తీగలు పెట్టి పందులను పట్టేవారు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆ తీగలకు తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులు చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. పిండిలో నాటుబాంబు చుట్టి పెడితే పంది బదులు మేతకు వెళ్లిన ఆవు నోరు పగిలిన సంఘటనలూ ఉన్నాయి. అలాంటి మాంసానికి రుచి గురించి మేము ఏ సలహా చెప్పము. కౌజు రుచి కావాలనుకొనేవారికి ఫారాలలో పెంచిన జపాను కౌజులు దొరుకుతున్నాయి. వాటితో తృప్తిపడవచ్చు.

అమెరికా సంగతి వేరు. అక్కడ తెల్లతోక జింకలు పొలాల మీద పడి మేసేటంత ఎక్కువగా ఉన్నాయి. ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి, ఏ రోజులలో, ఎన్ని, మగదా ఆడదా అన్నది కూడా నిర్ణయించి వేటకు అనుమతిస్తుంది. విస్కాన్సిన్‌లో తుపాకీ వేట థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. ఒకరినొకరు జింకలనుకొని కాల్చుకోకుండా అందరూ కంటికి కొట్టొచ్చే నారింజ లేక గులాబీ రంగు దుస్తులు వేసుకోవాలి. పెన్సిల్వేనియాలోనైతే ఆదివారం జింకల వేట చాలాకాలం నిషేధంగా ఉండి, 2020 నుండి కొన్ని ఆదివారాలకు మాత్రం అనుమతి మొదలైంది. వేటాడిన అడవి జింక మాంసాన్ని అంగట్లో అమ్మకూడదు. తినవచ్చు, ఇరుగుపొరుగుకు ఇవ్వవచ్చు, పేదలకు దానం చేయవచ్చు. మేరీలాండ్ రాష్ట్రంలో 1997లో ఆరంభమైన "ఫార్మర్స్ అండ్ హంటర్స్ ఫీడింగ్ ది హంగ్రీ" అనే క్రైస్తవ సేవాసంస్థ వేటగాళ్లు ఇచ్చిన జింకలను కసాయి దగ్గర కోయించి ఆకలితో ఉన్న కుటుంబాలకు చేరవేస్తుంది. ఉత్తరం రాసిన తల్లికి వచ్చిన పొట్లాలు కూడా అటువంటి ప్రేమ కానుకే.

ఇక అసలు విషయానికి వద్దాము. మాంసాన్ని చెడగొట్టేవి నాలుగు: భయం, వేడి, మురికి, కొవ్వు.

భయం అంటే ఆశ్చర్యపోతారేమో. ప్రాణమున్న జంతువు కండలలో గ్లైకోజెన్ అనే చక్కెర నిలువ ఉంటుంది. జంతువు చనిపోయిన తరువాత ఆ చక్కెర మెల్లగా లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పాలు తోడుకొని పెరుగైనట్టు మాంసంలో కూడా కొద్దిపాటి పులుపు చేరుతుందన్నమాట. ఆ పులుపే మాంసానికి చక్కని రంగును, నిలువ ఉండే గుణాన్ని ఇస్తుంది. జంతువును తరిమి తరిమి చంపినా, గాయపడి అది మైళ్ల దూరం పరుగెత్తి పడినా, ఆ చక్కెరంతా పరుగులోనే ఖర్చయిపోతుంది. పులుపు పుట్టదు. మాంసం నల్లగా, జిగటగా ఉంటుంది, తొందరగా కంపుకొడుతుంది. నెమ్మదిగా మేస్తున్న జింకను ఒక్క గుండుతో పడగొట్టిన వేటగాడి మాంసం, కుక్కలు తరిమిన జింక మాంసం ఒకే అడవిలోనివైనా ఒకే రుచి ఉండవు.

మన దగ్గర జరిగేదేమిటి? సంతలో మేకను కొని, కాళ్లు కట్టి, మోటారుసైకిలు మీద అడ్డంగా వేసుకొని, ఎండలో ఇరవై మైళ్లు తెచ్చి, దింపిన వెంటనే కత్తి పెడతారు. ఇది జీవం పట్ల దయ లేని పని అన్నది ఒక ఎత్తు, రుచికి కూడా నష్టమన్నది మరొక ఎత్తు. ముందురోజే తెచ్చి, నీడన కట్టి, నీళ్లు పెట్టి, రాత్రంతా తేరుకోనివ్వండి. కోసే ముందు కొన్ని గంటలు మేత ఆపి నీళ్లు మాత్రం ఇస్తే కడుపు బరువు తగ్గి పేగులు తీయడం సులువవుతుంది. తోటి మేకల ఎదుట కోయకండి.

వేడి సంగతి దీనికన్నా ముఖ్యం. జింక ఒంటి వేడి, మేక ఒంటి వేడి రమారమి ఒకటే, 39 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ. ఊపిరి ఆగినంత మాత్రాన ఆ వేడి పోదు. చర్మం దుప్పటిలా కప్పి ఉంటుంది. కడుపులో మేత పులుస్తూ ఇంకా వేడి పుట్టిస్తుంది. వెచ్చదనంలో సూక్ష్మజీవులు ఇరవై నిమిషాలకే రెట్టింపు కాగలవు. అందుకే తెలిసిన వేటగాడు ఫోటోలు తీసుకుంటూ కూర్చోడు. జింక పడిన చోటనే, రక్తం ఓడిపోనిచ్చి, కడుపు చీల్చి పేగులు తీసివేస్తాడు. కత్తి అంచును పైకి తిప్పి, రెండు వేళ్లతో చర్మాన్ని ఎత్తిపట్టుకొని కోస్తాడు, కింద పొట్ట తెగకుండా. మలద్వారం చుట్టూ కోసి, పేగును దారంతో కట్టివేస్తాడు, లోపలిది చిందకుండా. ఉచ్చబుడ్డను రెండు వేళ్లతో నొక్కిపట్టి ఎత్తి తీస్తాడు. గొంతుగొట్టం, ఆహారనాళం మెడ వరకు లాగి తీస్తాడు. అవి మిగిలిపోతే మెడ మాంసం తొందరగా పాడవుతుంది. మన మేకకు పిత్తం నిండిన చేదుకట్టె ఒకటి ఉంటుంది, అది పగిలితే కార్జమంతా చేదు. జింకకు చేదుకట్టె ఉండదు! సృష్టిలో ఇదొక వింత. జింకను కోసేవాడికి ఆ ఒక్క బెంగ తప్పింది.

పేగులు తీసిన తరువాత పక్కటెముకల మధ్య ఒక పుల్ల అడ్డంపెట్టి పొట్ట తెరిచి ఉంచుతాడు, గాలి ఆడడానికి. విస్కాన్సిన్ మంచులోనైతే ఆ చలే సగం పని చేస్తుంది. చర్మం ఉంచేసినా నష్టం లేదు, మాంసం ఎండిపోకుండా కాపాడుతుంది. టెక్సాసు వంటి వేడి రాష్ట్రాలలో వేటగాళ్లు ఆలస్యం చేయక చర్మం ఒలిచి, తొడలు, జబ్బలు విడదీసి మంచుపెట్టెలో పెడతారు. అక్కడ కూడా ఒక మెలకువ ఉన్నది. మంచు కరిగిన నీటిలో మాంసం తేలుతూ ఉండకూడదు. పెట్టె అడుగున ఉన్న మూత తీసి ఎప్పటికప్పుడు నీరు పోనిస్తారు. మొట్టమొదట చెడేది తొడ కీలు దగ్గర ఎముకను అంటిన మాంసం. అక్కడ కండ మందం, వేడి ఆఖరున బయటికి వస్తుంది. పైకి చల్లగా, ఎర్రగా కనబడుతున్నా లోపల ఎముక దగ్గర పుల్లని కంపు పుట్టి ఉండవచ్చు. ఉత్తరం రాసిన తల్లికి అందిన పొట్లాలలో ఒకటి ఇలాంటిదేమో. కోసినవాడు మొదటి సంవత్సరం వేటగాడైతే పిక్‌అప్ వాహనంలో జింకను వేసుకొని ఊరంతా చూపించి సాయంత్రానికి గాని కడుపు చీల్చి ఉండడు.

మన పల్లెల్లో మార్చి నెల పెళ్లికి, మే నెల ప్రతిష్ఠకు నలభై డిగ్రీల ఎండలో పదేసి మేకలు కోస్తాము. తెల్లవారుజామున కోయడం మొదలుపెట్టి, కోసినదాన్ని కోసినట్టు నీడన, గాలి తగిలేలా వేలాడదీయాలి. ఒకదానిమీద ఒకటి తాటాకు మీద గుట్టగా పోయడం మంచిది కాదు. గుట్ట మధ్యలో వేడి తగ్గదు. ముక్కలు కొట్టిన తరువాత పొయ్యి ఎక్కేవరకు రెండు గంటలకు మించి బయట ఉంచకండి. ఎండ బాగా ముదిరితే గంటకే ముప్పు.

మురికి అంటే వెంట్రుకలు, పేడ, మూత్రం, మన చేతులు. మగ జింక వెనుక కాళ్ల మడిమల లోపలివైపు ముదురు వెంట్రుకల కుచ్చులు ఉంటాయి. అవి వాసన గ్రంథులు. జతకట్టే ఋతువులో అది వాటి మీదనే మూత్రం పోసుకొంటుంది. ఆ కుచ్చులను ముట్టిన చేతితో, కోసిన కత్తితో మాంసాన్ని ముట్టితే ఇక ఎన్ని మసాలాలు వేసినా ప్రయోజనం లేదు. మన ముదురు మేకపోతుకు ఆ గ్రంథులు కొమ్ముల వెనుక ఉంటాయి; ఋతువులో అది కూడా తన గడ్డం, ముందుకాళ్లు మూత్రంతో తడుపుకొంటుంది. పోతు వాసన అక్కడిదే. చిన్నతనంలోనే విత్తులు నొక్కించిన పోతుకు ఈ వాసన ఉండదు, అందుకే తెలిసినవారు అడిగి మరీ అటువంటిదాన్ని కొంటారు. చర్మం ఒలిచేటప్పుడు ఒక చేయి చర్మానికి, ఒక చేయి మాంసానికి అని నియమం పెట్టుకోవాలి. మా తాతలనాటి కసాయిలకు ఇది ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలుసు. చర్మంతో కాల్చి తినే ప్రాంతాలవారు బొచ్చు పూర్తిగా కాల్చి, గీకి, పసుపు రాసి కడిగిన తరువాతనే కడుపు చీల్చాలి.

పొరపాటున పేగు తెగి పేడ అంటితే ఆ మేరకు మాంసాన్ని పలచగా కోసి పారవేయడం అన్నిటికన్నా శ్రేష్ఠం. కడగవలసివస్తే మంచినీటితో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచివేయాలి. చాలామంది మాంసాన్ని గంటల తరబడి నీళ్లలో నానబెడతారు, రక్తం పోతుందని. తడి మాంసం త్వరగా చెడుతుంది, రుచి నీటిపాలవుతుంది. నిజానికి మాంసంలో నుండి కారే ఎర్రని నీరు రక్తం కాదు, కండకు రంగునిచ్చే పదార్థం కలిసిన నీరు. రక్తం కోసినప్పుడే కారిపోయి ఉండాలి. వేటలో దొరికిన జంతువు రక్తాన్ని నేలమీద ఒలికించి మట్టితో కప్పవలెనని లేవీయకాండము 17వ అధ్యాయంలో ఉన్నది గదా. రక్తం నిలిచిన మాంసం తొందరగా పాడవుతుందని అనుభవమున్న ప్రతి కసాయీ చెబుతాడు.

నాల్గవది కొవ్వు. ఉత్తరానికి అసలు జవాబు చాలావరకు ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం. మనం మేకమాంసంలో కొవ్వుముక్క పడితే సంతోషిస్తాము, కూరకు కమ్మదనం వస్తుందని. జింక కొవ్వు అలా కాదు. అది మైనంలా గట్టిది, నోట్లో చల్లారగానే అంగిలికి అంటుకుంటుంది. అడవి వాసన అంతా దానిలోనే దాగి ఉంటుంది, ఫ్రీజరులో కూడా అది మెల్లగా కారం పట్టిన నూనెలా చెడుతుంది. అందుకని తెలిసినవాళ్లు తెల్లగా కనిపించే కొవ్వు, మాంసం మీద వెండిలా మెరిసే పొర, కీళ్ల మధ్య ఉండే గ్రంథులు అన్నీ ఓపికగా కోసి తీసివేస్తారు. అంతా తీసిన తరువాత మిగిలే ఎర్రని జింక మాంసంలో 100 గ్రాములకు కొవ్వు రెండున్నర గ్రాములకు మించదు. రెండవ ఇంట్లో ఆ తల్లి తిన్నది అటువంటి మాంసమై ఉంటుంది. మేక, గొర్రె వాసన కూడా వాటి కొవ్వులో ఉండే కొన్ని ప్రత్యేకమైన ఆమ్లాల వలననే పుడుతుంది. లేత పిల్లల్లో ఆ వాసన తక్కువ. రిబ్కా ముదురు పోతును కాక రెండు మంచి పిల్లలను ఏరి తెమ్మనడంలో ఎంత వంట తెలివి ఉన్నదో చూడండి! కొవ్వు లేని లేత మేకపిల్ల మాంసానికి, అడవి జింక మాంసానికి పెద్ద భేదం ఉండదు.

ఇప్పుడు మాగబెట్టడం గురించి. మామిడికాయ మాగినట్టే మాంసం కూడా మాగుతుంది. చనిపోయిన కొన్ని గంటలకు కండలు కర్రలా బిగుసుకొంటాయి. ఆ బిగుసుకొన్న సమయంలో కోసి వండితే ముక్క నారలా సాగుతుంది. ఆ తరువాత కండలో ఉన్న ఎంజైములే పనిచేసి దాన్ని మెత్తబరుస్తాయి. అందుకే అమెరికా వేటగాళ్లు జింకను 0 నుండి 4 డిగ్రీల చలిలో కొన్ని రోజులు వేలాడదీస్తారు. చలి 4 డిగ్రీలు దాటితే అది మాగడం కాదు, కుళ్లడమే. మన ఎండలో వేలాడదీసి మాగబెట్టాలని ఎవరూ ప్రయత్నించకండి. ఫ్రిజ్ ఉన్నవారు మాత్రం తొడ మాంసాన్ని కింది అరలో, మూత వదులుగా పెట్టి, ఒక పగలు ఒక రాత్రి ఉంచి వండి చూడండి. తేడా పంటికే తెలుస్తుంది.

ఒక పొరపాటు మాత్రం చాలా ఇళ్లలో జరుగుతున్నది. కోసిన గంటలోపే వెచ్చని మాంసాన్ని నేరుగా ఫ్రీజరులో తోస్తారు. బిగుసుకోక ముందే గట్టి చలి తగిలితే కండ ముడుచుకుపోతుంది. తరువాత ఎంత ఉడికించినా మెత్తబడదు. న్యూజీలాండులో గొర్రె మాంసాన్ని కోసిన వెంటనే గడ్డకట్టించి ఓడల్లో పంపినప్పుడు అది గట్టిగా ఉన్నదని ఫిర్యాదులు వస్తే, అక్కడి శాస్త్రవేత్తలు 1960లలో పరిశోధించి ఈ కారణం కనుగొన్నారు. కాబట్టి ముందు ఫ్రిజ్‌లో కింద, మరునాడు ఫ్రీజరులో. గాలి చొరకుండా రెండు పొరలుగా చుట్టి, తేదీ రాసి పెట్టండి. కరిగించేటప్పుడు గట్టు మీద పెట్టి వదిలివేయక, ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించండి. గంటల తరబడి కరెంటు పోయి, గడ్డ కరిగి, మాంసం వెచ్చబడి, మళ్లీ గడ్డకట్టిన పొట్లాన్ని నమ్మవద్దు. మన ఊళ్లలో ఫ్రిజ్ ఉన్నంత మాత్రాన చలి ఉన్నట్టు కాదు.

బాలింత ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉన్నది. మంచి మాంసం, బాగా ఉడికినది అయితే బాలింతకు మేలే. ఇనుము, మాంసకృత్తులు సమృద్ధిగా ఉంటాయి. అయితే రెండు విషయాలు విచారించాలి. ఒకటి, జింకను దేనితో కొట్టారు? సీసపు గుండు ఎముకకు తగిలితే పొడిపొడిగా పగిలి, గాయానికి చాలా దూరం వరకు కంటికి కనబడని రేణువులుగా చెదరిపోతుంది. 2008లో ఉత్తర డకోటా రాష్ట్ర ఆరోగ్యశాఖ, దానంగా వచ్చిన జింక ఖైమాలో సీసం కనబడినందున దాన్ని పేదలకు పంచవద్దని చెప్పింది. గర్భిణులు, ఆరేళ్ల లోపు పిల్లలు సీసపు గుండుతో కొట్టిన జింక మాంసం అసలే తినకూడదన్న సలహా అప్పుడు వచ్చినదే. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి కూడా ఆ సలహానే పాటించడం క్షేమమని మేము అనుకొంటున్నాము. రాగి గుండుతోనో, బాణంతోనో కొట్టినదైతే ఆ భయం లేదు. అడగడానికి మొహమాటపడకండి, అక్కడివారు దాన్ని తప్పుగా అనుకోరు.

రెండవది, జింకలలో ఉండే ఒక రోగం. దాన్ని సి.డబ్ల్యు.డి. అంటారు. 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు, 2002లో విస్కాన్సిన్‌లో బయటపడింది. జింక చిక్కి శల్యమై, చొంగ కార్చుకొంటూ చనిపోతుంది. మనుష్యులకు ఇది సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. కాని ఎంత ఉడికించినా ఆ రోగకారకం నశించదు గనుక, ఆ రోగమున్న ప్రాంతంలో కొట్టిన జింక తలను పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చిన తరువాతనే తినాలనీ, రోగమున్నదని తేలితే పారవేయాలనీ అక్కడి ఆరోగ్యశాఖవారు చెబుతారు. మెదడు, వెన్నుపాము, కళ్లు, ప్లీహం తినకూడదు. మనవాళ్లకు తలకాయ కూర ఇష్టం గనుక ఈ మాట నొక్కి చెబుతున్నాము. మేక తలకాయ వేరు, ఆ జింక తలకాయ వేరు.

మన దగ్గర దీనికి సాటి అయిన ప్రమాదం దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్. విశాఖ మన్యంలో చచ్చిన మేకను, పశువును కోసి పంచుకొని తిన్నవారి చేతుల మీద నల్లని పుండ్లు లేచి ఆసుపత్రుల పాలైన సంఘటనలు పలుమార్లు జరిగాయి. డబ్బు పోయిందే అన్న బాధ మాకు తెలుసు. మేక అంటే కూలి కుటుంబానికి ఒక ఏడాది పొదుపు. అయినా దానంతట అది చచ్చిన జంతువును, ముఖ్యంగా ముక్కు నుండి, మలద్వారం నుండి నల్లని రక్తం కారుతున్నదాన్ని కత్తితో ముట్టకండి. చర్మం ఒలిచి అమ్ముకుందామని కూడా అనుకోకండి. పశువైద్యునికి కబురు చేసి, ఆయన చెప్పినట్టు సున్నం వేసి లోతుగా పూడ్చండి. ఆ రోగానికి ఏటేటా వేసే టీకా ఉన్నది.

అమెరికాలో ఉన్న బిడ్డల దగ్గరికి వెళ్లేవారు జింక మాంసం వండే పద్ధతి ఇదీ. ముందు పొట్లం విప్పి వాసన చూడండి. పుల్లగా, కుళ్లుగా ఉంటే పారవేయండి. మసాలాతో కప్పిపుచ్చే ప్రయత్నం వద్దు. బాగుంటే తెల్లని కొవ్వు, పొర కొంచెం కూడా మిగలకుండా తీసి, చిలికిన మజ్జిగలో కొద్దిగా ఉప్పు, పసుపు వేసి ఆరేడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. గట్టి జబ్బ మాంసమైతే చెంచాడు పచ్చి బొప్పాయి ముద్ద ఒక గంట పట్టిస్తే చాలు, రాత్రంతా ఉంచితే పిండిపిండి అయిపోతుంది. మజ్జిగ ఒడగట్టి, ముక్కలు గుడ్డతో అద్ది, వేడి నూనెలో నాలుగు దఫాలుగా ఎర్రగా వేయించి, అప్పుడు ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి వేసుకోండి. జింకకు సొంత కొవ్వు లేదు గనుక నూనె మేకమాంసానికన్నా ఒక గరిటె ఎక్కువ పడుతుంది. లవంగం, చెక్క తగ్గించి మిరియాలు పెంచండి, దానికి అవి బాగా నప్పుతాయి. జబ్బ, మెడ ముక్కలను ప్రెషర్ కుక్కరులో మేకమాంసం లాగే ఉడికించాలి. వీపు మాంసం మాత్రం కుక్కరులో వేయవద్దు, గట్టిపడి రంపపు పొట్టులా అవుతుంది. దాన్ని పలచగా కోసి పెనం మీద, లోపల ఎరుపు పోయేవరకే వేయించి దించండి. ఖైమా అయితే 71 డిగ్రీల వేడి లోపలికంటా చేరాలి. ఎలుగుబంటి మాంసమో, అడవిపంది మాంసమో ఎవరైనా ఇస్తే దానిలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండవచ్చు గనుక, అది ఎంత లేత ముక్కైనా పూర్తిగా ఉడికించి తీరాలి. ఫ్రీజరులో పెడితే ఆ పురుగు చస్తుందన్న మాట ఎలుగుబంటి మాంసం విషయంలో నమ్మదగినది కాదు.